తెల్ల గుడ్డ కట్టిన డబ్బా

క్రిస్మస్‌కి నేను నెల్లిమర్ల, శ్రీకాకుళం వైపు వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచీ మా సంఘంలో ఆడవాళ్ళు నన్ను వదలడం లేదు. అక్కడ పండగ ఎలా చేస్తారు, ఏం వండుతారు, మనలాగే వీధుల్లో పాటలు పాడతారా అని ఒకటే ఆరా. అడిగిన ప్రతివాళ్ళకీ పోకుండల రుచి గురించి చెప్పి తప్పించుకున్నాను. నోటితో చెప్పలేనిది రాస్తేనైనా కాస్త బరువు దిగుతుందేమోనని ఇప్పుడు కూర్చున్నాను. దిగదని కూడా తెలుసు.

మాది తెనాలి. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. మోకాళ్ళు నా మాట వినవు, నోరు మాత్రం ఇంకా వింటుంది. మా అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, పెళ్ళయి నెల్లిమర్ల వెళ్ళిపోయి నలభై ఏళ్ళు దాటింది. బాబాయి అక్కడి జనపనార మిల్లులో పనిచేసి, రిటైరయ్యాక కన్నుమూశాడు. వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు సుగుణ. దాన్ని శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న ఒక పల్లెకి ఇచ్చారు. ఆ పల్లె పేరు రాయను.

సుగుణ మొగుడు దానియేలు వేట మనిషి. అక్కడి మగవాళ్ళు చాలామంది లాగే అతనూ ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాతు వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేసేవాడు. వానాకాలం చివర్లో అతనెక్కిన బోటు తుపానులో చిక్కుకుంది. బోటు చెక్కలు దొరికాయి, మనుషులు దొరకలేదు. డిసెంబరులో పిన్ని ఫోన్ చేసి, ఒకసారి రమ్మంది. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

విజయనగరం

రైలు ఆలస్యం. అది కొత్తేమీ కాదు కాబట్టి తిట్టుకోవడం కూడా మానేశాను. స్టేషను బయట చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాను. ముప్పై రూపాయలకి నాలుగు ఇడ్లీలు, వేడిగా పొగలు కక్కుతూ వచ్చాయి. కారప్పొడి ఉందా అంటే హోటలు కుర్రాడు ఎంతో ప్రేమగా తెచ్చి వేశాడు. నోట్లో పెట్టుకుంటే అందులోనూ బెల్లం తగిలింది. మా గుంటూరు నాలుకకి ఇది అవమానమే. ఈ వైపు పులుసులో బెల్లం, కూరలో బెల్లం. మనుషుల మాటలోనూ అదే కాబోలు, ముక్కూమొహం తెలియని నన్ను "ఏటి కావాలమ్మా, ఇంకొకటి ఎయ్యమంటావేటి" అని ఇంట్లో మనిషిని అడిగినట్టు అడిగాడు.

నెల్లిమర్ల వెళ్ళే ఆటో అతను నా చేతిలో బైబిలు సంచి చూసి, క్రిస్మస్‌కా అమ్మా అన్నాడు. వాళ్ళు హిందువులేనట. అయినా వాళ్ళ వీధిలో ఇంటింటికీ నక్షత్రం వేలాడుతుంటే పిల్లలు ఏడ్చి గోల పెట్టారట, చేసేది లేక తనూ ఒకటి కొని కట్టేశాడట. దసరాకి తమ వంటలు వాళ్ళకి, డిసెంబరులో వాళ్ళ వంటలు తమకి, ఎప్పటి నుంచో ఉన్నదే అని చెప్పాడు. వింటుంటే బాగుంది. ఆ రోజంతా నాకు అన్నీ బాగానే కనిపించాయి, అదే నన్ను ఇప్పుడు పొడుస్తోంది.

నెల్లిమర్ల

పిన్ని ఉండే వీధిలో క్రైస్తవుల ఇళ్ళన్నీ సున్నం వేసి, కింద జాజు రంగు పట్టీ గీసి, గుమ్మాల ముందు ముగ్గులతో కొత్తగా ఉన్నాయి. ముగ్గుల్లో చుక్కలకి బదులు తోక నక్షత్రం. మా వైపు ముగ్గు వేస్తే పాస్టరుగారు ముఖం ముడుచుకుంటారు. ఇక్కడ పాస్టరుగారింటి ముందే పెద్దది ఉంది.

ఈ వైపు ఇళ్ళల్లో కొన్ని పద్ధతులున్నాయి, పిన్ని దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. నక్షత్రం డిసెంబరు మొదట్లో ఇంటి మగవాడే కడతాడు, పండగలన్నీ అయ్యాక అతనే దించుతాడు. ఆడవాళ్ళు దాని జోలికి పోరు. అరిసెలకీ పోకుండలకీ పిండి ఇంట్లోనే తడిపి దంచుతారు. మూకుట్లో మొదటి వాయి ఇంట్లోవాళ్ళు తినరు, పక్కింటికి పోవాలి. పండగ రోజు గుడి నుంచి, అంటే చర్చి నుంచి, రాగానే పళ్ళేలు పట్టుకుని వీధంతా తిరుగుతారు. ఎవరి పళ్ళెం ఎవరింటికి ముందు వెళ్ళిందన్నది ఏడాది పొడుగునా గుర్తుంటుందట.

ఆ ఏడు చావు జరిగిన ఇంట్లో మాత్రం మూకుడు పొయ్యెక్కదు, నక్షత్రం కట్టరు. పుట్టింటివాళ్ళు, బంధువులు వండి పంపుతారు. ఇది మా వైపూ ఉంది. ఇవన్నీ అన్యుల ఆచారాలని పాస్టర్లు ప్రసంగాల్లో కోప్పడుతూనే ఉంటారు, ఇంటికెళ్ళి మళ్ళీ అదే పాటిస్తారు.

పిన్ని పెరట్లో పొయ్యి ముందు కూర్చుని అరిసెలు ఒత్తుతోంది. మనిషి సగమైపోయింది. ఎవరికి ఇన్ని అంటే, సుగుణకి అంది. తల్లీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. అక్టోబరులో పిన్ని ఆ పల్లెకి వెళ్ళి, గాజులు తీసెయ్యమ్మా, నాతో వచ్చెయ్యమ్మా అని ఏడ్చిందట. సుగుణ తల్లిని గుమ్మం బయటే నిలబెట్టి, మా ఆయన బతికే ఉన్నాడు, మళ్ళీ ఆ మాటంటే నా ఇంటికి రావద్దు అందట. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. అందుకే నన్ను పిలిపించింది.

"దానింట్లో ఈ ఏడు మూకుడు పెట్టకూడదు. మనవే పంపాల," అంది పిన్ని.

"పిన్నీ, అది బతికున్నాడని నమ్ముతోంది. ఇవి తీసుకెళితే పోయాడని మనం చెప్పినట్టే కదా."

పిన్ని చేతిలోని అరిసె అలాగే పట్టుకుని నా వైపు చూసింది. "పోనాడని నాకు తెల్దేటే. కడుపు కోసుకుపోతన్నాది. ఆ గుమ్మంలో కూకొని సముద్రం సూసుకుంటా అది ముసిలిదైపోతాది. ఎవురో ఒకలు సెప్పాల. నా మాట ఇనదు. నువ్వు పట్టుకెల్లి ఇచ్చీ, సాలు. నువ్వేటీ సెప్పక్కర్నేదు."

నేను ఒప్పుకున్నాను. పండక్కి మీ అమ్మ పంపింది తిను అని మామూలుగా ఇచ్చేస్తే సరిపోతుంది కదా, దానికి అంత అర్థం ఎందుకు తీస్తారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దానియేలు ఉన్నాడా లేడా అన్నది ఊరందరికీ ఒక డబ్బానే తేల్చేస్తుందని అప్పుడు నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పిన్ని పెద్ద స్టీలు డబ్బా నింపి, దాని మూతి మీద ఉతికిన తెల్ల గుడ్డ కప్పి, జనపనార పురికొసతో బిగించి కట్టింది. మా ఇళ్ళల్లో మూత పెట్టి ఊరుకుంటాం. చీమలకి కాబోలు అనుకున్నాను.

శ్రీకాకుళం

బస్సు కిక్కిరిసి ఉంది. డబ్బా చంకన పెట్టుకుని ఎక్కగానే కిటికీ పక్కనున్న ఒకావిడ లేచి, కూకో అమ్మా అంది. మా వైపు బస్సుల్లో నిండు చూలాలు ఎక్కినా ముఖం తిప్పుకుని కిటికీలోంచి చూస్తారు. నేను వద్దంటున్నా వినలేదు. ఏ ఊరు వెళుతున్నానో అడిగి, చెప్పాక నా చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. కండక్టరు కూడా డబ్బా దారికి అడ్డంగా ఉన్నా ఒక్క మాట అనలేదు. ఎంత మర్యాదస్తులో అని మురిసిపోయాను. తిరిగెళ్ళాక మా సంఘంలో చెప్పాలని కూడా అనుకున్నాను.

శ్రీకాకుళం బజారులో ఒక శెట్టిగారి కొట్టు. లోపల వెంకటేశ్వరస్వామి పటం, దానికి మల్లెదండ, ఆ పటం చుట్టూ రంగురంగుల క్రిస్మస్ నక్షత్రాలు. దీపావళికి మతాబులు, సంక్రాంతికి గాలిపటాలు, ఇప్పుడు ఇవి, ఏ కాలానికి ఆ సరుకే మాకు దేవుడు అని నవ్వాడు. ముసలాయన, నుదుట నామం, మాట చాలా మెత్తన. నాకు మనసులో ఒకటే తోస్తోంది, ఈ డబ్బాతో పాటు ఒక నక్షత్రం కూడా పట్టుకెళితే సుగుణ మనసు నొచ్చుకోదని. ఎర్రటిది, పెద్దది ఏరుకున్నాను. నాలుగు వందలన్నాడు, మూడు వందలకి బేరం పెట్టాను.

ఎవరింటికమ్మా అని అడిగాడు. మా చెల్లెలింటికి, ఈ డబ్బా కూడా అక్కడికే అన్నాను. ఆయన డబ్బా వైపు చూశాడు. నా చేతిలోంచి నక్షత్రం మెల్లగా తీసుకుని మడతపెట్టి మళ్ళీ పైన పెట్టేశాడు. "ఈ ఏడుకి ఒద్దులెండమ్మా. వచ్చే ఏడు తీసుకుందురు," అన్నాడు. కుర్చీ వేయించి టీ తెప్పించాడు. టీకి డబ్బులిస్తే తీసుకోలేదు. వచ్చిన బేరం వదులుకునే వ్యాపారిని నా జన్మలో చూడలేదు. మూడు వందలకి గిట్టక మర్యాదగా తప్పించుకున్నాడేమో అనుకున్నాను. నా తెలివికి నా చెప్పుతో నన్ను కొట్టాలి.

బస్టాండు దగ్గర మెస్సులో అన్నం తిన్నాను. నెత్తళ్ళ వేపుడు బ్రహ్మాండంగా ఉంది. ఇక్కడ చేప తాజాదనం ముందు మా వైపు మసాలాలన్నీ దండగే. పులుసులో మాత్రం మళ్ళీ బెల్లం.

ఒడ్డు పల్లె

జీడితోటలు, తర్వాత సరుగుడు తోపులు, ఆ తర్వాత ఇసుక. ఆటో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఒడ్డున బోర్లించిన తెప్పలు, ఎండబెట్టిన వలలు. చిన్న గుడి మీద సిలువకి కాగితం తోరణాలు కట్టారు. వీధిలో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని జంతికలు ఒత్తుతూ, పిల్లల్ని కసురుకుంటూ నవ్వుకుంటున్నారు. నేను డబ్బా పట్టుకుని నడుస్తుంటే ఆ మాటలు ఆగిపోయాయి. ఒకామె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుగుణ ఇల్లెక్కడ అని అడగకుండానే చెయ్యి చూపించింది.

చూపించాల్సిన అవసరం కూడా లేదు. ఆ వీధిలో అన్నిటికంటే పెద్ద నక్షత్రం దాని ఇంటి ముందే, పొడుగాటి గెడకి కట్టి, పట్టపగలు లోపల బల్బు వెలుగుతూ ఉంది. గుమ్మంలో అరిసెల వాసన. సుగుణ మూకుడు ముందు కూర్చుని ఉంది. చేతినిండా ఎర్ర గాజులు.

నన్ను చూసి "అప్పా" అని ఎగిరి లేచింది. మేం అక్క అంటాం, వీళ్ళు అప్ప అంటారు. ఆ పిలుపు వినగానే నా కళ్ళు చెమర్చాయి. అది పరిగెత్తుకొచ్చి నా మెడ చుట్టూ చేతులు వేయబోయి, డబ్బా చూసి ఆగిపోయింది.

"ఈ గుడ్డ ఎవరు కట్టినారప్పా?"

మీ అమ్మే, చీమలు పట్టకుండా అన్నాను. అది నా ముఖంలోకి చూసింది. నాకు తెలియదని దానికి అర్థమైంది. అందుకే కాబోలు కోప్పడలేదు. "ఇక్కడ పోయినోలింటికి పంపినప్పుడే తెల్ల గుడ్డ కడతారు," అంది, చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా.

బస్సులో సీటిచ్చిన ఆవిడ, కండక్టరు, నక్షత్రం అమ్మని శెట్టిగారు, అందరూ నేను చావింటికి వెళుతున్నానని జాలి చూపించారు. నేనేమో మర్యాద అనుకుని మురిశాను. నువ్వేటీ సెప్పక్కర్నేదు అని పిన్ని ఎందుకందో అప్పుడు తెలిసింది. ఆ నిమిషంలో పిన్ని ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో. గబగబా పురికొస విప్పబోయాను. సుగుణ నా చెయ్యి పట్టుకుని ఆపింది. వీదంతా సూసీసినాది, ఇప్పుడిప్పితే ఏటి అంది. డబ్బా తీసుకుని అరుగు మీద ఒక మూల పెట్టింది. నన్ను లోపలికి రమ్మంది, డబ్బా మాత్రం లోపలికి రాకూడదంది.

లోపల దాని అత్త రాహేలమ్మ నువ్వులు ఏరుతూ కూర్చుని ఉంది. నన్ను పలకరించింది, మంచినీళ్ళిచ్చింది. బయట ఏం జరిగిందో వినే ఉంటుంది, మళ్ళీ నువ్వుల చేట ముందుకు లాక్కుంది. కొడుకు కబురు తెలియక ఇన్ని నెలలవుతున్నా ఆ ముసలామె కంట నీరు పెట్టలేదట. కోడలికున్న నమ్మకమే అత్తకీ ఉందని వీధివాళ్ళు అనుకునేవారట. నేనూ అదే అనుకున్నాను.

పొద్దు వాలేదాకా సుగుణ పక్కన కూర్చుని అరిసెలు నువ్వుల్లో అద్దాను. అది ఆగకుండా దానియేలు కబుర్లు చెప్పింది. క్రిస్మస్‌కి ఎక్కడున్నా వచ్చేసేవాడట. మొదటి వాయి తనే వేస్తానని పట్టుబట్టి, ప్రతిసారీ మాడ్చేవాడట. ఆ మాడినవే పళ్ళెంలో పెట్టుకుని సిగ్గులేకుండా వీధంతా పంచేవాడట. చెబుతూ నవ్వింది. ఈ ఏడు నక్షత్రం తనే నిచ్చెనెక్కి కట్టిందట. పగలూ రాత్రీ బల్బు ఆర్పలేదట, ఆయన ఏ పూట వస్తాడో తెలియదు కదా అంది.

"అప్పా, నువ్వు ఆస్పత్రిలో చేసినావు కదా. సెప్పు. మనిషిని సూడకుండా పోనాడని ఎలాగ ఒప్పుకుంటారు?"

నేను ఎంతోమందికి ఆ కబురు చెప్పాను. ప్రతిసారీ దుప్పటి తొలగించి చూపించడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇంకో అరిసె తీసుకుని నువ్వుల్లో అద్దాను.

పండగ పొద్దున్న

సుగుణ కొత్త చీర కట్టుకుంది. నీలం రంగు, దానియేలు పోయినసారి తెచ్చినదట. అత్తకి కొత్త చీర, గుజరాతు నుంచి వచ్చేవాడి కోసం కొత్త లుంగీ, చొక్కా మడత నలగకుండా మంచం మీద పెట్టి గుడికి బయల్దేరింది.

ఆరాధన బాగా జరిగింది. పాటలు మనవే, తాళం మాత్రం ఇక్కడ బాగా జోరు. చివర్లో పాస్టరుగారు అందరి కోసం ప్రార్థన చేశారు. సుగుణ ముందే నాకు చెప్పి ఉంచింది, ప్రతి ఆదివారం ఆయన సముద్రం మీదున్న మా దానియేలును క్షేమంగా ఒడ్డుకు చేర్చు ప్రభువా అంటారని. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను. ఆయన రోగుల కోసం అడిగారు, పరీక్షలు రాసే పిల్లల కోసం అడిగారు. తర్వాత గొంతు తగ్గించి, దుఃఖంలో ఉన్న రాహేలమ్మ కుటుంబానికి ఆదరణ దయచెయ్యి ప్రభువా అన్నారు. నా పక్కన గాజుల చప్పుడైంది. నేను కళ్ళు తెరవలేదు.

డబ్బా కబురు గుడిదాకా వెళ్ళింది. పుట్టిల్లే ఒప్పేసుకున్నాక ఇంకా క్షేమం అడగడం ఎందుకని ఆయనకి అనిపించి ఉంటుంది. ఆయన తప్పేముంది.

ఇంటికి రాగానే సుగుణ పళ్ళేలు సర్దింది. అరిసెలు, పోకుండలు, జంతికలు. మొదటి పళ్ళెం చేతిలోకి తీసుకుని గుమ్మం దాటబోయేసరికి ఎదురుగా పక్కింటి మార్తమ్మ నిలబడి ఉంది. ఆమె మొగుడూ దానియేలూ చిన్నప్పుడు ఒకే తెప్ప మీద వేటకి వెళ్ళేవారు. ఆమె చేతిలోనూ పళ్ళెం ఉంది, దాని మీద తెల్ల గుడ్డ ఉంది. ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకా కొందరు, అందరి పళ్ళేల మీదా తెల్ల గుడ్డలే.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఒక్కరి ముఖంలోనూ ఎత్తిపొడుపు లేదు, చాలామంది అప్పటికే ఏడుస్తున్నారు. ఇన్ని నెలలూ సుగుణ మనసు కష్టపెట్టకూడదని నోరు కుట్టుకుని ఉన్నారు. మేము ముందు తేకూడదని ఊరుకున్నామమ్మా, వాళ్ళమ్మే పంపించింది కదా, ఇంక మేం రాకపోతే బాగుండదు అని మార్తమ్మ నాతో అంది. సుగుణతో అనలేకపోయింది.

"మా ఇంట్లో వండుకున్నాం," అంది సుగుణ. "మాకొద్దు. ఇదిగో, ఇవి మీరు తీసుకోండి." తన పళ్ళెం ముందుకు చాపింది.

మార్తమ్మ చెయ్యి రాలేదు. చావింటి పళ్ళెం పండగనాడు పుచ్చుకోరు. ఆమె తల దించుకుంది. ఆ వెనకామె కూడా దించుకుంది. సుగుణ ఒక్కొక్కరికీ పేరు పెట్టి పిలిచి పళ్ళెం చూపించింది. ఎవరూ తీసుకోలేదు. నేనైనా ముందుకెళ్ళి ఒకటి నోట్లో పెట్టుకోవాల్సింది. ఆ బుద్ధి నాకు ఇప్పుడొచ్చింది.

అప్పుడు రాహేలమ్మ లేచింది. కోడలి పక్కనుంచి తప్పుకుని గుమ్మంలోకి వచ్చి, మార్తమ్మ చేతిలోని పళ్ళేన్ని రెండు చేతులతో అందుకుంది. అందుకుని అక్కడే నేల మీద కూలబడింది.

"నా కొడుకు పోనాడమ్మా," అంది. "బోటు సెక్కలు దొరికినాయన్న రోజే పోనాడు. ఈ గుంట నన్ను ఏడవనివ్వనేదు. దీని మొకం సూసి నోరు మూసుకున్నాను."

ఆ ముసలామె ఏడుపు నేను వర్ణించలేను. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఆమెను పట్టుకుని ఏడ్చారు. వీధిలో మగవాళ్ళు దూరంగా నిలబడిపోయారు. సుగుణ ఒక్కతే ఏడవలేదు. పళ్ళెం పట్టుకుని అత్త వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో తనతోపాటు నమ్మే మనిషి ఒకరున్నారనుకుంది ఇన్నాళ్ళూ. లేరని అప్పుడే తెలిసింది దానికి.

కాసేపటికి రాహేలమ్మ తల పైకెత్తకుండానే, ఆ నక్షత్రం దించీయండి అంది.

అది ఇంటి మగవాడి పని. ఇంట్లో మగవాడు లేడు. పరాయివాళ్ళు ముట్టుకోకూడదట, మగదిక్కు లేకపోతే బంధువుల్లో ఆడదైనా చెయ్యాలట. అక్కడున్న బంధువుని నేనొక్కదాన్నే. అందరూ నా వైపు చూశారు. ఎవరో నిచ్చెన తెచ్చి గెడకి ఆనించారు. ఆ డబ్బా మోసుకొచ్చినదాన్ని నేనే కదా. సముద్రం గాలికి నిచ్చెన ఊగుతోంది, మార్తమ్మ కింద పట్టుకుంది. మొండి మోకాళ్ళతో ఒక్కో మెట్టూ ఎక్కి నక్షత్రం కట్టిన తాడు మీద చెయ్యి వేశాను.

"అప్పా, ఆగు."

సుగుణ పళ్ళెం కింద పెట్టి నిచ్చెన దగ్గరికి వచ్చింది. దిగమంటుందనుకున్నాను. దిగమంటే చాలు, అందరూ తిట్టినా సరే దిగిపోదామనుకున్నాను.

"కరెంటు సాకు కొడతాది. ముందు స్విచ్చి ఆపనీ," అంది.

లోపలికి వెళ్ళింది. ఎండ నక్షత్రం మీదే పడుతోంది, బల్బు ఆరిందో లేదో నాకు తెలియలేదు. తాడు పట్టుకుని పైనే ఉన్నాను.

"ఆపీసినాను," అంది లోపలి నుంచి.